యూరియా: గిరాకియు చిక్కులును



నేను పిల్లలకు పద్యములు చెప్పి ముదిసినవాడను. వ్యవసాయశాస్త్రము చదివినవాడను గాను. అయినను గడచిన వానకారున నా పూర్వశిష్యుడొకడు తన వరిచేను చూపుటకు నన్ను గట్టుమీదికి తోడ్కొనిపోయెను. పైరు నల్లగా నిగనిగలాడుచుండెను. “పంతులుగారూ, ఈయేడు ఒక బస్తా యూరియా ఎక్కువ చల్లితిని” అని అతడు మురిసెను. నేనును మెచ్చుకొంటిని. ఇరువది దినములు గడవకమున్నే ఆ చేను సుడిదోమచే సుళ్లు సుళ్లుగా ఎండినది. మిగిలినది గాలికి పడిపోయినది. ఆ బస్తా సంగతి విచారింపవలెనని నాకు నాడు తోచినది.

యూరియాకు గిరాకి పెరుగుటకు కారణములు మూడు. ఒకటి దాని సారము. ఇందు నూటికి 46 పాళ్లు నత్రజని; వెనుకటి అమ్మోనియం సల్ఫేటునందు ఇంచుమించు 21 పాళ్లే. రెండవది, 1966 మొదలు ఐ.ఆర్. 8 వంటి పొట్టి వరివంగడములు వ్యాపించుట. అవి నత్రజని పెట్టినకొలది పండినవి. మూడవది వెల. 2018లో 45 కిలోల బస్తాకు, పన్నులును వేపపూత ఖర్చును గాక, 242 రూపాయలు నిర్ణయించిరి. 2010లో భాస్వరము, పొటాషు ఎరువులకు పోషకముల తూకమునుబట్టి సహాయధనమిచ్చు పద్ధతి వచ్చినది. యూరియాను అందు చేర్చలేదు. చౌకయైన దానివైపు చేయి సాగుట లోకసహజము కదా!

ఇక చిక్కులు. గాలిలోని నత్రజనిని, సహజవాయువునుండి తీసిన ఉదజనిని కలిపి అమ్మోనియా చేసి, దానినుండి యూరియా చేయుదురు. రామగుండమున బొగ్గుతో నడచిన పాత కర్మాగారము 1999లో మూతపడెను. అచ్చటనే సహజవాయువుతో నడచు క్రొత్తది 2021లో పని ప్రారంభించెను. దాని శక్తి ఏటికి 12.7 లక్షల టన్నులు. కాని మన ఎరువుల కర్మాగారములకు వలయు వాయువులో హెచ్చుభాగము ఓడలపై రావలసినదే. 2022లో యుక్రెయిను యుద్ధముచే వాయువు వెల మండిపోగా, ఆ భారము రైతు కొను బస్తాపై గాక ప్రభుత్వ బొక్కసముపై పడినది. బొక్కసము మాత్రము ఎవరిది? మనదే.

రెండవ చిక్కు వృథా. నిలువనీటిలో చల్లిన యూరియాలో కొంత ఆవిరియై పోవును, కొంత నీటితో పోవును. 2015లో యూరియాకంతటికి వేపపూత తప్పనిసరి చేసిరి. అది నత్రజని త్వరగా పోకుండ ఆపును. ఇతర పరిశ్రమలకు దొంగదారిని తరలుటయు తగ్గించును. అయినను వేపపూత మన చేతివాటమును ఆపజాలదు.

కావున మడిలో నీరు తీసి, బురదపదునున చల్లి, రెండు దినములకు నీరు పెట్టవలయును. మోతాదును ఒక్కమారు గాక నాటునప్పుడు, పిలకదశను, చిరుపొట్టదశను పంచి వేయవలయును. మంటిపరీక్ష చేయించి భాస్వరము, పొటాషుల లోటును తీర్పవలయును.

పెద్దలారా, పైరు నలుపును జూచి మెచ్చుకొనకుడు. గట్టుపై మన మెప్పు విన్న పడుచువాడు మరియొక బస్తా తెచ్చును. కంకిలోని గింజను జూచి మెచ్చుకొనుడు. నాడు నేను చేసిన పొరపాటు మీరు చేయకుందురుగాక. సెలవు.