ఫస్ట్ ఆర్డర్ సున్నా వస్తే అయిపోయినట్టేనా?

మన మదనపల్లెలో టమోటా సంచిని స్ప్రింగ్ కాటాకి తగిలిస్తే ముల్లు కిందికి దిగుతుంది. కానీ స్ప్రింగ్ గట్టితనం మారదు కదా?

క్వాంటం ఆసిలేటర్‌ని కూడా ఎప్పుడూ ఒకే బలం ఎఫ్‌తో ఒక పక్కకి లాగుదాం. ఫస్ట్ ఆర్డర్‌లో ఎనర్జీ మార్పు సున్నా, ఎందుకంటే ఎక్స్ సగటు సున్నా. మొదటిసారి నేను ఇక్కడే "ఎఫెక్ట్ లేదు" అని పెన్ను పక్కన పెట్టేశా. తప్పు!

సెకండ్ ఆర్డర్‌లో ప్రతి లెవెల్‌కీ పైదీ కిందదీ మాత్రమే లెక్కలోకి వస్తాయి. రెండూ కలిపితే ఎన్ కొట్టుకుపోతుంది. మిగిలేది: మైనస్ ఎఫ్ స్క్వేర్ బై టూ ఎం ఒమేగా స్క్వేర్. అంటే లెవెల్స్ అన్నీ సమానంగా దిగుతాయి, మధ్య గ్యాప్ మారదు. అచ్చం మన కాటానే! స్క్వేర్ పూర్తి చేసి చూసినా ఇదే ఆన్సర్. కాబట్టి పై ఆర్డర్లన్నీ సున్నా.

పుంగనూరు, కుప్పం తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇప్పుడు ఎక్స్ పవర్ ఫోర్ పెట్టి చూడండి. ఫస్ట్ ఆర్డర్‌లోనే గ్యాప్ మారిపోతుంది. ఎందుకో కామెంట్లో చెప్పండి!