మొద్దని యనుటకు ముందు



మీ గ్రామపు బడిలో చదువు రాని బాలుడొకడు ఉండియే యుండును. ఉపాధ్యాయుడు వానిని మొద్దనును. తండ్రి మీ యరుగుమీద కూర్చుండి, "వీనికి చదువు వ్రాసిపెట్టి లేదు, గొఱ్ఱెలవెంట పంపెదను, మీరేమందురు?" అని యడుగును. మీరు సరే యన్నచో ఆ పిల్లవాని చదువు అంతటితో ముగియును. ఆ మాట యనుటకు ముందు చూడవలసినవి కొన్ని కలవు.

నేను ఉపాధ్యాయుడనై యున్న కాలమున ఇట్టివాడొకడు నా తరగతిలో వెనుక వరుసయందు కూర్చుండెడివాడు. నల్లబల్లమీది లెక్కను ఏనాడును సరిగా ఎత్తి వ్రాసికొనలేదు. 3ను 8గా వ్రాసెడివాడు. నేను కొట్టితిని కూడ. ఒకనాడు అట్టి లెక్కనే నోటితో చెప్పగా, వ్రేళ్లమీద నెంచి క్షణములో జవాబు చెప్పెను. లోపము వాని బుద్ధిలో గాక చూపులో నున్నదని అప్పుడు గాని నాకు తోచలేదు. కంటివైద్యుడు అద్దములిచ్చిన పిదప వాడు వెనుక వరుసలో నుండియే అందఱితోపాటు చదివెను. నేను కొట్టిన దెబ్బలు మాత్రము వెనుకకు తీసికొనుటకు వీలులేదు.

కావున మొదట కన్నును చెవియు చూడుడు. పుస్తకమును ముక్కునకు ఆనించి చదువుట, కనులు చికిలించుట, ప్రక్కవాని పలక చూచి వ్రాయుట చూపు తగ్గినదనుటకు గుర్తులు. పిలిచిన వెంటనే పలుకనివాడు పొగరుబోతు కానక్కరలేదు. చెవిలో చీము కారి వినికిడి తగ్గినవాడు కావచ్చును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు ప్రభుత్వ పాఠశాలలకు వచ్చి పిల్లలను పరీక్షించును. ఆ దినమున అట్టి బాలుడు తప్పక బడిలో నుండునట్లు చూచుట మీవంటి పెద్దల చేతిలో నున్నది.

కన్నును చెవియు బాగుండి, మాటలలో చురుకై యుండియు అక్షరములు కూర్చి చదువలేనివారు కొందఱు కలరు. పకు షకు, దకు ధకు భేదము తొలి యేట అందఱును మఱతురు. ఏండ్లు గడచినను ఆ తడబాటు విడువనిచో అనుమానింపవలెను. కొట్టినందువలన అది పోదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము దీనినికూడ గుర్తించి, పరీక్షలో అదనపు కాలము, వ్రాసిపెట్టువాని సాయము వంటి వెసులుబాట్లు కల్పించుమన్నది.

ఇక భాష. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) ఈ యడ్డంకిని మనకందఱకు ముందే కనిపెట్టిరి. కొండలలోని సవర పిల్లలకు తెలుగు పాఠము అర్థము లేని చప్పుడు. వారిని తెలుగు నేర్చుకొని రమ్మనక, పంతులుగారు తామే సవర నేర్చిరి. ఆ భాషలో వాచకములు వ్రాసిరి. సొంత సొమ్ముతో బడులు పెట్టిరి. 1931లో వారి సవర వ్యాకరణము వెలువడెను. (వాడుకభాషకై వాదించిన వారిని గూర్చి నేనీ గ్రాంథికములో చెప్పుట వినినచో నవ్వుదురేమో!) ఆంధ్రప్రదేశమున 2004లో సవర, కోయ, గోండి మొదలగు భాషలలో చిన్న తరగతులకు బోధన ఆరంభమైనది.

ఇటుకబట్టీల పనికై ఒడిశానుండి కుటుంబములు మన యూళ్లకు వచ్చుచున్నవి. వారి బిడ్డ బడిలో పెదవి విప్పక కూర్చుండినచో మొద్దని యనకుడు. సాయంకాలము బట్టీ ప్రక్కకు పోయి, ఆ బిడ్డ తల్లితో గలగల మాటలాడుట ఒకసారి వినుడు.