విడువని దగ్గు – కఫపరీక్ష – స్థానికాధికారుల కర్తవ్యము

(పురపాలక సంఘముల యొక్కయు తాలూకాల యొక్కయు ఉద్యోగుల సభయందు గావించిన ప్రసంగ పాఠము)



ఊరిలో కలరా పొడసూపినచో అందఱును కలవరపడుదురు. దగ్గు విషయమున అట్టి కలవరము పుట్టదు. “దగ్గే గదా” యని రోగియు, ఇంటివారును, ఒక్కొక్కప్పుడు మనమును ఊరకుందుము. నేడు నేను మనవి చేయదలచినది ఒక్కటియే: దగ్గు రెండు వారములు దాటినచో మొదట కావలసినది మందుసీసా కాదు, కఫపరీక్ష.

దగ్గు దానంతట వ్యాధి కాదు. ఊపిరిగొట్టముల లోపలి పొర జిగట ద్రవమును స్రవించి ధూళిని, సూక్ష్మజీవులను పట్టుకొనును. ఆ పొరపై గల సన్నని రోమములు దానిని పైకి నెట్టును. మిగిలినదానిని దగ్గు వెడలగొట్టును. జలుబు చేసినపుడు ఈ రోమములు దెబ్బతిని, తిరిగి బాగుపడుటకు కొంతకాలము పట్టును. కావుననే జ్వరము తగ్గినను దగ్గు పది పదునైదు దినములు, ఒక్కొక్కప్పుడు మూడు వారముల వఱకును నిలుచును.

ఇట్టి సామాన్యమైన దగ్గునకు విశ్రాంతియు, గోరువెచ్చని నీరును, ఒక చెంచా తేనెయు ఉపశమనము నిచ్చును. అయితే సంవత్సరము నిండని బిడ్డకు తేనె నాకింపరాదు. ఆవిరి పట్టువారు మరుగునీటి పాత్రను పిల్లలకు అందకుండ ఉంచవలెను. చుట్ట, బీడీ మానవలెను. పొయ్యిపొగ వెలుపలికి పోవుటకు దారి కల్పింపవలెను. కఫము పచ్చగా నున్నంత మాత్రమున యాంటీబయాటిక్ మందు అవసరమని తలంపరాదు. వైద్యుని ఉత్తరువు లేక పిల్లలకు దగ్గుమందు పోయుట ప్రమాదకరము. డైఎథిలిన్ గ్లైకాల్ అను విషపదార్థము కలిసిన దగ్గుమందుల వలన 2022వ సంవత్సరమున గాంబియా దేశమునను, 2025లో మధ్యప్రదేశ్ లోని ఛింద్వాడా జిల్లాలోను అనేకులు పసివారు మూత్రపిండములు చెడి మరణించిరి.

రెండు వారములు దాటినను దగ్గు విడువనపుడు, అందును కఫమున రక్తపుజీర, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, శరీరము చిక్కుట కానవచ్చినపుడు, క్షయ యున్నదేమో యని పరీక్షింపవలెను. ఆయాసము మిక్కుటమైనచో వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కోఖ్ పండితుడు 1882 మార్చి 24వ తేదీన బెర్లిను నగరమున వెల్లడించెను. నాటినుండి రోగి కఫమే ఆ వ్యాధికి ముఖ్యసాక్షి. అట్టి సాక్షిని మనము వీథిలో ఉమ్మివేయించి, అంగడిలో సీసా వెంట సీసా కొనిపించుచున్నాము. ఆ నెలలన్నియు ఇంటిలోని బిడ్డలు అదే గాలిని పీల్చుచుందురు.

కఫమును సేకరించు విధము సులభము. రోగి నోరు నీటితో పుక్కిలించి, ఆరుబయట నిలిచి, రెండు మూడు మారులు లోతుగా ఊపిరి పీల్చి, రొమ్ములోనుండి దగ్గి తీసిన కళ్లెను మూతగల డబ్బీలో ఉమ్మవలెను. నోటిలోని ఉమ్మినీరు పనికిరాదు. సాధారణముగా రెండు మచ్చులు తీయుదురు. అందొకటి ఉదయము లేవగానే తీసినది కావలెను.

జనులు పరీక్షకు రాకుండుటకు ముఖ్యకారణము భయము. పేరు బయటపడినచో ఇల్లు, పని పోవునని వెఱతురు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో శానిటోరియము తెఱవబడిన కాలమున రోగిని దూరముగా నుంచి విశ్రాంతి, గాలి, ఆహారములపై ఆధారపడుట తప్ప గత్యంతరము లేకుండెను. తరువాత 1956లో మదరాసునందు నెలకొల్పబడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము, ఇంటియొద్ద మందులు పుచ్చుకొనినవారును శానిటోరియములో నున్నవారును ఇంచుమించు సమానముగా కోలుకొనిరని 1959లో ప్రకటించెను. ఇంటివారికి అధికాపాయము కలుగలేదని తదుపరి పరిశీలనలో తేలెను. కావున రోగిని వెలివేయుట శాస్త్రసమ్మతము కాదు. ఈ వ్యాధి దగ్గినపుడు వెలువడు తుంపరల వలన గాలిద్వారా వ్యాపించును గాని, గిన్నెలు తాకుట వలన కాదు. నోటికి గుడ్డ అడ్డము పెట్టుటయు, కిటికీలు తెఱచుటయు, మందు ఆరంభించుటయు నిజమైన రక్షణ.

ఇక మీ కర్తవ్యము. పారిశుధ్య సిబ్బంది, రాతిపని వారు, బీడీ కార్మికులు, కారాగారవాసులు, వసతిగృహముల వారు – వీరిలో రెండు వారములు దాటి దగ్గువారిని నెలకొకమారు విచారింపుడు. కఫపు డబ్బీలు పరీక్షాశాలకు ఆనాడే చేరునట్లు మనిషిని నియమింపుడు; ఎండలో నిలువ యుంచిన మచ్చు చెడును. క్షయరోగిని ప్రభుత్వమునకు తెలియజేయుట 2012 నుండి ప్రైవేటు వైద్యులకును విధి. దానిని వారికి జ్ఞాపకము చేయుడు. రోగి పేరు కచేరి గోడలపై గాని ఇరుగుపొరుగు నోట గాని పడనీయకుడు.

చివరిమాట కోలుకొనుటను గూర్చి. సామాన్య క్షయకు మందులు ఆఱు నెలలు వాడవలెను. కొన్ని వారములకే దగ్గు తగ్గి, కఫము ఆఱి, రోగి కూలికి పోవనారంభించును. మందు మానివేయుటకు మనసు పుట్టు ఘడియ యదియే. మానినచో రోగము తిరుగబెట్టును, మందులకు లొంగని జీవులు బలపడును. ఆహారము కొఱకు 2018లో నెలకు 500 రూపాయలుగా ఆరంభమై 2024 నవంబరు నుండి 1000 రూపాయలైన సహాయము రోగికి సకాలమున అందుచున్నదో లేదో మీరు విచారింపవలెను. నయమైన పిదపను కొందఱికి ఊపిరితిత్తులలో మచ్చ మిగిలి కఫము పడుచుండును. అట్టివారికి శ్వాసవ్యాయామము మేలుచేయును, దగ్గు మరల హెచ్చినచో మరల పరీక్ష చేయింపవలెను.

మీరు కచేరికి మరలి వెళ్లిన దినముననే మీ సిబ్బందిలో విడువక దగ్గుచున్నవారెవరో అడుగుడు. ఒక్కరి పేరు దొరికినను చాలును. ఆ యింటి బిడ్డల యందు ఈ సభ సార్థకమగును.