మగ్గం ఇంట్లో కరెంటు: కోలారు గనుల దగ్గర నేర్చుకోవాల్సిన మాట

(సమాఖ్య వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగం)



ఇలాంటి సభల్లో మనం నూలు ధర, జరీ ధర, రిబేటు, పెన్షను గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ కావలసినవే. ఈసారి కరెంటు గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. "చేనేత అంటే చేతిపని కదా సామీ, కరెంటుతో మనకేం పని?" అన్నారు. ఇంటికి పోయి ఒక్కసారి చూడండి. కండెలు చుట్టేదానికి మోటారు. చిలపలు విప్పేదానికి మోటారు. జకార్డు ఎత్తే లిఫ్టింగ్ మెషీనుకు మోటారు. మన పిల్లల్లో పవర్‌లూము పెట్టినవాళ్ళూ ఉన్నారు. చేయి మనదే, బలం మాత్రం కరెంటుదయింది. బలం ఎక్కడుంటే ప్రమాదం కూడా అక్కడే ఉంటుంది. కాబట్టి ఈ మాట మన మాటే.

మేము ఎనిమిదో తరగతి వరకే చదివినవాళ్ళం. మేము చెప్పబోయేది పుస్తకంలోది కాదు. కె.జి.ఎఫ్. గనుల్లో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరైన పెద్దవాళ్ళ దగ్గర, బి.ఇ.ఎం.ఎల్. ఫ్యాక్టరీలో పనిచేసే మన పిల్లల దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నది.

ముందు మన ఊరి గొప్ప చెప్పుకుందాం. మన కోలారు జిల్లాకు కరెంటు ఎప్పుడొచ్చిందో తెలుసా? 1902లో. కావేరి మీద శివనసముద్రం దగ్గర నీటితో కరెంటు తీసి, 1902 జూన్ 30న మన బంగారు గనులకు పంపడం మొదలుపెట్టారు. దూరం సుమారు 147 కిలోమీటర్లు. ఆ కాలంలో అంత దూరం కరెంటు మోసుకొచ్చిన లైను ప్రపంచంలోనే అరుదు. మైసూరు సంస్థానంలో దివాను శేషాద్రి అయ్యరు పూనుకుని మొదలుపెట్టిన పని అది. పని పూర్తయ్యేలోపలే, 1901లో ఆయన చనిపోయారు. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో. అంటే రాజధాని కంటే ముందు మన గనికి కరెంటు వచ్చింది.

ఎందుకని గనికి ముందు ఇచ్చారు? గనికి కరెంటు లేకపోతే నడవదు కాబట్టి. ఛాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్లు దాటింది. అంత లోతులో రాయి కాలిపోతూ ఉంటుంది. గాలి తోలే ఫ్యాన్లు ఆగితే మనిషి నిలవలేడు. ఊరే నీళ్ళు తోడే పంపులు ఆగితే గని మునుగుతుంది. మనుషుల్ని దించి ఎక్కించే వైండరు ఆగితే లోపలివాళ్ళు లోపలే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. ఆ తర్వాత పంపులు ఆగిపోయి లోపలంతా నీళ్ళు నిండాయి. వందేళ్ళకు పైగా మనుషులు తవ్విన దారులు నీళ్ళపాలయ్యాయి.

ఆ పెద్దవాళ్ళను మేము ఒకటే అడిగాం: "అంత పెద్ద యంత్రాలు అన్నేళ్ళు ఎట్లా నడిపారయ్యా?" వాళ్ళు చెప్పింది రెండే మాటలు. "చూసేవాళ్ళం, రాసేవాళ్ళం." వైండరు ఇనుప తాడును ప్రతిరోజూ పరీక్షించాలి, పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. మీటరు ముల్లు నిన్న ఎక్కడుంది, ఇవాళ ఎక్కడుంది చూడాలి. యంత్రం ఒక్కసారిగా చెడిపోదు. ముందు వేడెక్కుతుంది, తర్వాత శబ్దం మారుతుంది, తర్వాత వాసన వస్తుంది, ఆ తర్వాతే కాలుతుంది. ముందుగా చెప్పిన మాట మనం వినలేదంటే, ఆఖరి మాట దుడ్లతోనో ప్రాణంతోనో వినాల్సి వస్తుంది. ఇవాళ మేము చెప్పదలచుకున్నది ఇదే.

కరెంటు భాష కొంచెం తెలుసుకుందాం. భయపడకండి, మన నేత భాషలోనే చెబుతాం.

వోల్టేజి అంటే పడుగు బిగువు లాంటిది. మన ఇంటికి వచ్చే సింగిల్ ఫేజు 230 వోల్టులు. త్రీ ఫేజులో రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు. బిగువు మరీ ఎక్కువైతే తెగుతుంది, తగ్గితే పని సాగదు. వోల్టేజి బాగా పడిపోయినప్పుడు మోటారు అదే బరువు లాగడానికి ఎక్కువ కరెంటు గుంజుతుంది, వేడెక్కుతుంది. సాయంత్రం లైట్లు మసకగా ఉన్నప్పుడు మోటారు మూలుగుతూ ఉంటే, ఆపేయడమే మేలు.

ఆంపియరు అంటే తీగలో పారే కరెంటు ఎంత అనే లెక్క. తీగ మందం దీన్ని బట్టే ఉండాలి. 80 నంబరు నూలు మీద 20 నంబరు నూలు మోసే బరువు వేస్తే ఏమవుతుంది? తెగుతుంది. సన్న తీగ తెగదు, కాలుతుంది. అదే తేడా. మన షెడ్డులో చుట్టూ దూది పొట్టు, నూలు ముక్కలు. అక్కడ తీగ కాలితే ఇల్లే కాలుతుంది.

శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చినవాళ్ళకు కూడా ఇదే చిక్కు. ఎక్కువ కరెంటు పంపితే దారిలోనే తీగ వేడెక్కి సగం పోతుంది. అందుకని వోల్టేజి వేలల్లోకి పెంచి పంపారు. వోల్టేజి పది రెట్లు పెంచితే, అంతే పనికి కరెంటు పదో వంతు చాలు. అప్పుడు దారిలో వేడిగా పోయే నష్టం నూరో వంతుకు తగ్గుతుంది. ఇక్కడికి వచ్చాక ట్రాన్స్‌ఫార్మరుతో మళ్ళీ దించుకున్నారు. మన వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు చేసేది కూడా అదే పని.

ఒక హార్స్ పవరు అంటే 746 వాట్లు. ఒక హెచ్.పి. త్రీ ఫేజు మోటారు సుమారు రెండు ఆంపియర్లు తీసుకుంటుంది. స్టార్టు అయ్యేటప్పుడు క్షణంపాటు దానికి ఐదారు రెట్లు గుంజుతుంది. త్రీ ఫేజులో ఒక ఫేజు పోతే, ముగ్గురు మోసే బరువు ఇద్దరి మీద పడినట్టే. మోటారు తిరుగుతూనే ఉంటుంది, మనకు తెలియదు, లోపల చుట్ట కాలిపోతుంది. అందుకే స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే, ఫేజు పోతే ఆపే పరికరం ఉండాలి. ఉన్నదాన్ని "ఊరికే ట్రిప్పు అవుతోంది" అని కట్టి పడేయకండి. కుక్క మొరుగుతోందని కుక్కను కొడితే దొంగ పోతాడా?

ఇక ప్రాణం సంగతి. మాకు తెలిసిన ఒక ఇంట్లో కండెలు చుట్టే మోటారు పెట్టించారు. పెట్టిన ఆయన మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నులతో కలిపి పోయాడు. ఎర్తు లేదు. వానాకాలం వచ్చింది. ఆ ఇంటి అమ్మ కండె మార్చేటప్పుడు వేళ్ళు జుమ్ముమంటున్నాయని వారం రోజులుగా చెబుతోంది. "ఏం కాదులే, చెప్పులేసుకో" అన్నారు. ఒకరోజు తడి నేల మీద నిలబడి మెషీను పట్టుకుంది, చేయి వదలలేదు. కోడలు పరుగెత్తి మెయిను ఆపేసింది కాబట్టి బతికింది. ఆ కోడలు అత్తను చేత్తో పట్టి లాగి ఉంటే ఇద్దరూ పోయేవాళ్ళు. జుమ్ముమన్న ఆ వారమంతా మెషీను చెబుతూనే ఉంది కదా!

గుంటమగ్గం వాళ్ళు ఇంకా జాగ్రత్త. కాళ్ళు గుంటలో, గుంటలో చెమ్మ, తల మీద జకార్డు మోటారు. కరెంటుకు ఇంతకంటే మంచి దారి ఉండదు.

చాలామంది "మా ఇంట్లో ఎం.సి.బి. ఉంది, భయం లేదు" అంటారు. ఎం.సి.బి., ఫ్యూజు కాపాడేది తీగను, మనిషిని కాదు. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. అది ఎట్లా పనిచేస్తుందో మన లెక్కలో చెబుతాం. సొసైటీలో నూలు తూచి ఇస్తాం, నేసిన బట్ట తూచి తీసుకుంటాం. తేడా వస్తే సరుకు ఎక్కడో పోతోందని తెలుస్తుంది. ఆర్.సి.సి.బి. కూడా ఫేజులో పోయిన కరెంటు, న్యూట్రలులో తిరిగి వచ్చిన కరెంటు తూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే, అది ఎవరి ఒంట్లోంచో భూమిలోకి పోతోందని లెక్కగట్టి, రెప్పపాటులో ఆపేస్తుంది. కొనేటప్పుడు 30 మిల్లీ ఆంపియర్లదే అడగండి. దాని మీద టెస్టు బటను ఉంటుంది. నెలకొకసారి నొక్కి చూడండి, ఆగాలి. ఆగకపోతే అది గోడకు బొమ్మే.

ఆర్.సి.సి.బి. ఉంది కదా అని ఎర్తు మానకూడదు. ఆకుపచ్చ తీగ మోటారు ఇనుముకు బిగించి, ఎర్తు గుంట దాకా పోవాలి. మన జిల్లాలో ఎండలకు నేల బీటలువారుతుంది. ఎండిన గుంటకు కరెంటు దిగదు. ఎండాకాలంలో ఎర్తు గుంటలో నీళ్ళు పోయడం తులసమ్మకు పోసినంత అలవాటు కావాలి. ఏడాదికొకసారి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను చేత ఎర్తు టెస్టరుతో కొలిపించి, వచ్చిన అంకె రాయించుకోండి.

ఇక రోజూ చేయాల్సినవి చెబుతాం. ఇవన్నీ ఆడవాళ్ళూ పిల్లలూ కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే మెషీను దగ్గర ఎక్కువసేపు ఉండేది వాళ్ళే.

పొద్దున్నే స్విచ్చు వేయకముందు మోటారు వెనుక ఫ్యాను కప్పు మీద పొట్టు తుడవండి. మోటారు ఊపిరి తీసేది అక్కడే. అది మూసుకుపోతే లోపల వేడి పెరుగుతుంది. పది డిగ్రీల వేడి అదనంగా ఎక్కితే చుట్ట మీది ఇన్సులేషను ఆయుష్షు సగానికి పడిపోతుందని ఎలక్ట్రికల్ వాళ్ళ లెక్క.

నడుస్తున్నప్పుడు చెవి పెట్టండి. గరగర వస్తే బేరింగు. గ్రీజు తక్కువైనా కష్టమే, కుక్కినా కష్టమే. బెల్టు మరీ బిగించినా బేరింగు పోతుంది.

వారానికొకసారి కరెంటు ఆపి తీగలు చూడండి. ఎలుక కొరికిందా, ప్లగ్గు నల్లబడిందా, స్క్రూ వదులైందా? వదులైన స్క్రూ దగ్గరే నిప్పు పుడుతుంది. ఫ్యూజు పోతే లెక్క ప్రకారం ఫ్యూజు తీగే వేయండి. రాగి తీగ నాలుగు పోగులు మెలిపెట్టి వేస్తే, ఈసారి ఫ్యూజు పోదు, మోటారు పోతుంది.

మరమ్మతు చేసేటప్పుడు గనివాళ్ళ పద్ధతి పాటించండి. ఫ్యూజు పీకి మీ జేబులో వేసుకోండి. స్విచ్చు బోర్డు మీద "మనిషి పనిలో ఉన్నాడు" అని అట్ట తగిలించండి. ఆ అట్ట తగిలించినవాడే తీయాలి. ఇంట్లో పిల్లవాడు తెలియక స్విచ్చు వేసి, తండ్రిని పోగొట్టుకునే గతి ఎవరికీ రాకూడదు.

ఎవరికైనా షాకు కొడితే మొదట మెయిను ఆపండి. ఆపలేకపోతే ఎండిన కట్టెతో తోసి విడిపించండి, చేత్తో ముట్టుకోవద్దు. ఊపిరి, నాడి లేకపోతే రొమ్ము మధ్య రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూనే ఉండండి. ఒకరు 108కి ఫోను చేయాలి. వీధిలో తీగ తెగి పడితే దగ్గరికి పోకుండా 1912కి చెప్పండి.

చివరగా సమాఖ్య ముందు మా సంఘం రెండు కోరికలు పెడుతోంది. ఒకటి, ప్రతి సంఘానికి ఒక క్లాంపు మీటరు, ఒక మెగ్గరు ఉమ్మడిగా కొందాం. క్లాంపు మీటరు తీగ కోయకుండానే మోటారు ఎన్ని ఆంపియర్లు తింటోందో చూపిస్తుంది. మెగ్గరు చుట్టకూ మోటారు ఇనుముకూ మధ్య ఇన్సులేషను ఎంత గట్టిగా ఉందో చెబుతుంది. అంకె ఒక మెగ్ ఓము కంటే కిందికి పడితే, మోటారు ఆపి ఆరబెట్టించి చూపించాలి. ఐ.టి.ఐ. చదివిన మన పిల్లలే ఇల్లిల్లూ తిరిగి ఆరు నెలలకొకసారి కొలిచి ఇస్తారు. మగ్గం పని లేక బెంగళూరుకు పోతామంటున్న పిల్లలకు ఇదీ ఒక పని అవుతుంది.

రెండు, ప్రతి మగ్గం ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టుకుందాం. తేదీ, మోటారు తీసుకున్న ఆంపియర్లు, గ్రీజు వేసిన రోజు, ఆర్.సి.సి.బి. నొక్కి చూసిన రోజు. అంతే, నాలుగు గీతలు. పోయినసారి ఒకటిన్నర ఉన్న అంకె ఈసారి రెండు దాటితే, మోటారు ఏదో చెబుతోందని తెలుస్తుంది. కాలిన మోటారు రీవైండింగుకు అప్పు చేసి, పని లేని రోజులు లెక్కపెట్టుకునే బదులు, ముందే వంద రూపాయల బేరింగుతో బయటపడతాం.

వచ్చే వార్షికోత్సవానికి ప్రతి సంఘం కార్యదర్శి తన సభ్యుల ఇళ్ళల్లో ఎన్నింటికి ఎర్తు ఉంది, ఎన్నింటికి ఆర్.సి.సి.బి. ఉంది అనే లెక్కతో రావాలని కోరుతున్నాం. మా సంఘం లెక్క మేమే మొదట చదువుతాం.