మనకు ఎలా వినబడుతుంది?



ఒక తల్లి మూడేళ్ల బాబును మా దగ్గరకు తీసుకొచ్చింది. "వీడికి ఇంకా మాటలు రాలేదు సిస్టర్. వాళ్ల నాన్నకు కూడా ఆలస్యంగానే వచ్చాయట" అంది. పరీక్ష చేస్తే బాబుకు పుట్టుకతోనే వినికిడి లేదని తేలింది. లోపం నాలుకలో లేదు, చెవిలో ఉంది.

చెవిలో మూడు భాగాలున్నాయి. శబ్దమంటే గాలిలో పుట్టే అలలు. బయటి చెవి వాటిని లోపలికి పంపుతుంది. అవి తగిలి కర్ణభేరి అనే పలుచని పొర డప్పు తోలులా అదురుతుంది. దాని వెనుక, మధ్య చెవిలో మూడు చిన్న ఎముకలుంటాయి. వాటిలో ఒకటి సుమారు 3 మిల్లీమీటర్లే. శరీరంలోకెల్లా చిన్న ఎముక అదే. ఈ మూడూ ఆ అదురును లోపలి చెవికి అందిస్తాయి.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం, దాని నిండా ద్రవం ఉంటాయి. ద్రవం కదలగానే అక్కడున్న సుమారు 15,000 రోమకణాలు స్పందిస్తాయి. గొట్టం మొదట్లో ఉన్నవి కీచు శబ్దాలను, చివర ఉన్నవి బొంగురు శబ్దాలను పట్టుకుంటాయి. ఆ సంకేతాలు నరం ద్వారా మెదడుకు చేరతాయి. "ఇది అమ్మ గొంతు" అని గుర్తుపట్టేది మెదడే. పసితనంలో విని విని ఆ పని నేర్చుకుంటుంది. మాటలు వచ్చేదీ అలాగే.

గులిమి అడ్డుపడితే తీయవచ్చు. చీముకు మందు ఉంది. కర్ణభేరికి చిల్లు పడితే ఆపరేషన్ ఉంది. కానీ రోమకణాలు చనిపోతే మళ్లీ పుట్టవు. కాబట్టి ఇవి గుర్తుంచుకోండి:

* చెవిలో పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టకండి. కాచిన నూనె పోయకండి.
* చీము కారితే "అదే తగ్గుతుందిలే" అనుకోకండి.
* 85 డెసిబెల్స్ దాటిన శబ్దంలో రోజూ 8 గంటలు పనిచేస్తే వినికిడి దెబ్బతింటుంది. మిల్లుల్లో చెవులకు రక్షణ పెట్టుకోండి. ఊరేగింపులో స్పీకర్ల పక్కన బిడ్డను ఎత్తుకుని నిలబడకండి.
* ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోతే ఆ రోజే డాక్టరుకు చూపించండి.
* పుట్టిన బిడ్డకు మొదటి నెలలోనే వినికిడి పరీక్ష చేయించండి. లోపముంటే మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకల్లా చికిత్స మొదలవ్వాలి.

ఆ బాబుకు ఇప్పుడు మిషన్ పెట్టారు, మాటలు నేర్పిస్తున్నారు. కానీ విని నేర్చుకోవలసిన మూడేళ్లు పోయాయి.

ఈ రోజు ఇంటికి వెళ్లగానే మీ బిడ్డ వెనుక నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలవండి. తిరిగి చూడకపోతే రేపే తీసుకురండి.