లేవకూడదనుకున్నాం

మీ మధ్య 34 ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ కుటుంబ సమావేశంలో బ్యాంకు సంగతులు వద్దు, ఇంటి సంగతి చెబుతాను. దానికి ముందు ఒక పాత కథ.

సిద్ధార్థుడు ఉరువేలలో కఠిన తపస్సు చేసే రోజుల్లో ఐదుగురు తపస్వులు ఆయన్ని కనిపెట్టుకుని ఉండేవారు. శరీరాన్ని మాడ్చుకుంటే జ్ఞానం రాదని గ్రహించి ఆయన మళ్లీ ఆహారం ముట్టగానే, సుఖాలకు మరిగాడని విడిచి వెళ్లిపోయారు. బుద్ధుడైన తరువాత ఆయన ఆ ఐదుగురినే వెతుక్కుంటూ గయ ప్రాంతం నుంచి కాశీ దగ్గరి సారనాథ్‌కు వెళ్లారు. 200 కిలోమీటర్లు దాటిన దారి.

దూరం నుంచే చూసి వాళ్లు ఒక మాట అనుకున్నారు. లేవకూడదు, నమస్కరించకూడదు, భిక్షాపాత్ర అందుకోకూడదు. కావాలంటే కూర్చుంటాడు, ఆసనం మాత్రం వేద్దాం. తీరా ఆయన దగ్గరికి రాగానే ఒకరు పాత్ర అందుకున్నారు, ఒకరు ఆసనం వేశారు, ఒకరు కాళ్లకు నీళ్లు తెచ్చారు. అయినా మనసు కరగలేదు. ఆయన చెప్పబోతే మూడుసార్లు కాదన్నారు. ఇదివరకెప్పుడైనా మీతో ఇలా మాట్లాడానా అని ఆయన అడిగారు. లేదన్నారు. అప్పుడు విన్నారు. అందరికంటే ముందు గ్రహించినవాడు కౌండిన్యుడు.

ఇక మా ఇంటి సంగతి. మా అబ్బాయి మంచి ఉద్యోగం మానేసి, కడియంలో స్నేహితుడితో కలిసి నర్సరీ పెడతానన్నాడు. "పెడితే నా గడప తొక్కకు" అన్నాను. ఏడాదిన్నర మాటల్లేవు. సంక్రాంతికి వస్తున్నానని వాళ్లమ్మకు ఫోన్ చేశాడు. "అన్నం పెట్టు, నేను మాత్రం పలకరించను" అన్నాను మా ఆవిడతో.

గుమ్మం ముందు ఆటో ఆగింది. ఎప్పుడు లేచానో తెలియదు, వాడి బ్యాగు నా చేతిలో ఉంది.

కానీ భోజనాల దగ్గర మళ్లీ మొదలుపెట్టాను. పీఎఫ్ ఉందా, రేపు పెళ్లికి పిల్లనెవరిస్తారు అని. వాడు తల వంచుకుని, "నీకెప్పుడైనా అబద్ధం చెప్పానా నాన్నా?" అన్నాడు. లేదు. "అయితే ఒక్క పావుగంట విను."

అప్పు కోసం వచ్చిన ప్రతివాళ్లకూ కుర్చీ చూపించి, చెప్పిందంతా విన్నవాణ్ణి. కన్నకొడుకుకు ఆ పావుగంట ఇవ్వలేదు. ఆ రాత్రి వాడి లెక్కల పుస్తకం చూశాను. మొదటి ఏడు నష్టం. ఒక్క అంకె కూడా దాచలేదు. ఇప్పటికీ అప్పు పూర్తిగా తీరలేదు, నా భయమూ పూర్తిగా పోలేదు. కానీ నెలకోసారి కడియం వెళ్లి ఆ పుస్తకం నేనే రాస్తున్నాను.

నాకు తెలిసిందింతే. బ్యాగు అందుకోవడం ప్రేమ, అది చేతికి ముందే తెలుసు. వినడం గౌరవం, అది మనం నేర్చుకోవాలి. తిరిగి వచ్చినవాడు ఓడిపోయి రాలేదు, మనకు చెప్పుకోవాలని వచ్చాడు. మీ ఇళ్లలో ఎవరితోనైనా మాటలు ఆగిపోయి ఉంటే ఈ రాత్రే ఫోన్ చేయండి. చెప్పడానికి కాదు, వినడానికి.

సెలవు.