చప్పుడు విని ఆడే క్రికెట్టు
(బోథ్‌లో మహిళల సభలో చేసిన ప్రసంగం)



మన పొచ్చెర జలపాతం మీకు తెలుసు. నీళ్లు కండ్లకు కనబడక ముందే వాటి చప్పుడు చెవిన పడుతుంది. అట్ల చెవినే నమ్ముకొని ఆడే ఆట ఒకటి ఉంది. అదే అంధుల క్రికెట్టు.

ఈ ఆటలో గట్టి ప్లాస్టిక్ బంతి వాడుతారు. దాని లోపల చిన్న చిన్న గుండ్లు ఉంటాయి. బంతి దొర్లితే గలగల మోగుతుంది. బంతి వేసే ఆమె ముందు "రెడీయా?" అని అడగాలె. బ్యాటు పట్టిన ఆమె జవాబు చెప్పాలె. అప్పుడు "ప్లే" అని చెప్పి బంతి వేయాలె. చేయి పైకెత్తి విసరకూడదు. కింది నుంచి వేయాలె. బంతి సగం దూరం దాటక ముందే నేలకు తగలాలె. ఆ చప్పుడును బట్టి బ్యాటు తిప్పుతారు.

జట్టులో 11 మంది ఆడుతారు. వాళ్లల్ల కనీసం నలుగురు చూపు అసలే లేనివాళ్లు ఉండాలె. తక్కినవాళ్లకు కొద్దిగా చూపు ఉంటుంది. చూపు అసలే లేని ఆమె ఒక్క పరుగు కొడితే రెండుగా లెక్క. చూశారా! ఎవరినీ పక్కకు పెట్టకుండా ముందే చోటు రాసి పెట్టిండ్రు.

అంధ మహిళలకు మొదటి టీ-20 ప్రపంచ కప్ 2025లో జరిగింది. నవంబర్ 23న కొలంబోలో చివరి ఆట. నేపాల్ జట్టు 114 పరుగులు చేసింది. మన జట్టు 13వ ఓవర్లోనే ఆ లెక్క దాటింది. కప్పు మనదే అయింది.

ఆ జట్టు కెప్టెన్ దీపిక. ఆమె ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోని తంబలహట్టి. పసితనంలోనే చూపు దెబ్బతిన్నది. అంధుల బడిలో టీచర్లు ఆమెను ఆటకు ప్రోత్సహించిండ్రు. అదే జట్టులో పాంగి కరుణ కుమారి ఉంది. ఆమెది అల్లూరి సీతారామరాజు జిల్లా. అది కూడా మన తీరుగనే అడవి, గుట్టల ప్రాంతం.

బడికి పోకుంటే దీపికకు ఆట ఎట్ల తెలిసేది? ఆలోచించండి.

చూపు లేని బిడ్డ ఉంటే "పాపం, ఎక్కడికి పోతది? ఇంట్లనే ఉండనీ" అంటాం. అది ప్రేమనే. కాని ఆ ప్రేమతోనే తలుపు మూసేస్తున్నాం. మనం పెద్దయినంక పలక పట్టినం. అక్షరం ఆలస్యమైతే ఎంత నష్టమో మనకంటే ఎవరికి తెలుసు?

చూపు లేని పిల్లలకూ లిపి ఉంది. దాని పేరు బ్రెయిలీ. ఉబ్బెత్తు చుక్కలను వేళ్లతో తడిమి చదువుతారు. 2016 చట్టం ప్రకారం ఇలాంటి పిల్లలకు 6 నుంచి 18 ఏండ్ల వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఉంది.

మీ వాడలో అలాంటి బిడ్డ ఉంటే ఆ తల్లితో మాట్లాడండి. ముందు సర్కారు దవాఖానలో కండ్లు చూపించండి. తర్వాత బడి పంతులును కలవండి. ఒక్కతే పోవడానికి ఆమె జంకితే మీరూ తోడు పోండి.